వశిష్ఠకు ఇరుగట్లా లేసు అల్లిక

లేసు శాలువా మగ్గం మీద పుట్టేది కాదు. దానికి పడుగూ పేకా ఉండవు. ఒకే దారాన్ని ఉచ్చుగా లాగి, ఆ ఉచ్చులోంచి మరో ఉచ్చు తీస్తూ, నడుమ కావాలని ఖాళీలు వదులుతారు. చూసేవారి కంటికి పువ్వులుగా, ఆకులుగా, జాలీగా కనిపించేవి ఆ ఖాళీలే. తెలుగునాట ఈ అల్లికకు పేరుపడ్డ చోటు గోదావరి డెల్టా. వశిష్ఠ పాయకు పడమటి గట్టున నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు. తూర్పు గట్టున కోనసీమలోని రాజోలు, అమలాపురం ప్రాంతాలు దీనికి కేంద్రాలు. ఎగుమతి వ్యాపారులూ గిడ్డంగులూ నరసాపురంలో ఉండటంతో బయటి ప్రపంచానికి ఇదంతా నరసాపురం లేసుగానే తెలుసు. ఆ పేరు వెనక సఖినేటిపల్లి రేవుకు ఇవతల ఉన్న కోనసీమ ఆడవాళ్ల చేతులు కూడా ఉన్నాయి.

ఈ ప్రాంతంలో తయారయ్యేవి ముఖ్యంగా బల్లగుడ్డలు, బల్ల మధ్యలో పరిచే పట్టీలు, గ్లాసుల కింద వేసే చిన్న గుండ్రటి ముక్కలు, దిండు గలేబులు, పెద్ద దుప్పట్లు. ఒంటి మీద వేసుకునే శాలువాలు, స్టోల్‌లు, పైతొడుగులు, పసిపిల్లల గౌన్లు కూడా వాటి పక్కనే ఉన్నాయి. ఏది అల్లినా పని తీరు ఒకటే. కొస దగ్గర చిన్న వంపు ఉన్న ఉక్కు సూది ఒకటి, దారం ఉండ ఒకటి ఉంటే చాలు. ప్రపంచం దీన్ని క్రోషే అంటుంది. డెల్టాలో లేసు అల్లకం అనీ, లేసు పని అనీ అంటారు.

చేతి అల్లికలు ప్రధానంగా రెండు రకాలు. ఊలుతో స్వెట్టర్లు అల్లేందుకు రెండు పొడుగాటి సూదులు వాడతారు. ఆ పద్ధతిలో ఒక వరసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద ఉంటాయి. వెడల్పాటి లేసు శాలువా అల్లుతున్నప్పుడు ఆ ఉచ్చులు మూడు నాలుగు వందలు దాటవచ్చు. వాటిలో ఏది జారినా కింది వరసలు ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి. అనుభవం ఉన్నవారు కొన్ని వరసలకోసారి వేరే రంగు దారాన్ని ఉచ్చుల గుండా దూర్చి ఉంచుకునేది ఆ భయంతోనే. పని చెడితే అక్కడి దాకా విప్పి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

క్రోషేలో ఒక్క సూదే ఉంటుంది. ఏ క్షణాన చూసినా ఆ సూది మీద విప్పారి ఉన్న ఉచ్చు కూడా ఒక్కటే. వెనక వేసిన కుట్లన్నీ అప్పటికే బిగిసి ఉంటాయి. పొయ్యి మీద అన్నం పొంగినా, బిడ్డ ఏడ్చినా, ఆ ఒక్క ఉచ్చును కాస్త పొడుగ్గా లాగి సూదిని పక్కన పెట్టి లేవచ్చు. గంట తర్వాత వచ్చినా, వారం తర్వాత వచ్చినా పని ఆగిన చోటే ఉంటుంది. చిన్నదిగా కనబడే ఈ సాంకేతిక భేదమే ఈ విద్య ఎవరి చేతికి వచ్చింది, ఏ వేళల్లో సాగింది, ఎంత కూలి తెచ్చింది అన్న ప్రశ్నలన్నిటినీ నడిపించింది. పని ముక్కలు ముక్కలుగా చేయడానికి వీలైంది గనుకే అది ముక్కలైన కాలంలోకి, అంటే ఇల్లాలి రోజులోకి చేరింది.

లేసు శాలువాల ప్రపంచ చరిత్రలో మొదటి పేజీలు చలిదేశాలవి. రష్యాలోని ఓరెన్‌బర్గ్ ప్రాంతంలో మేకల మెత్తటి నూగుతో అల్లే శాలువాలు 18వ శతాబ్దం నుంచి పేరుపొందాయి. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో, ముఖ్యంగా ఉన్‌స్ట్ దీవిలో, సన్నటి గొర్రె ఊలుతో లేసు శాలువాల అల్లిక 19వ శతాబ్దం మొదటి సగంలో వర్తకంగా స్థిరపడింది. అక్కడి మేలిరకం శాలువా మొత్తాన్ని పెళ్లి ఉంగరం గుండా లాగవచ్చు. ఎస్టోనియాలోని హాప్సలు అనే సముద్రతీరపు ఊళ్లో విహారానికి వచ్చేవారికి అమ్మడానికి అల్లిన శాలువాలు అదే శతాబ్దంలో ప్రసిద్ధికెక్కాయి. ఈ మూడు చోట్లా శాలువా అల్లింది గ్రామీణ స్త్రీలు. మూడు చోట్లా అది ఇంటి ఖర్చుకు అక్కరకొచ్చిన పని. పొద్దుపోకకు అల్లేవారి చేతికి ఇది ఆ తర్వాతే వచ్చింది.

క్రోషే కథకు ఐర్లండ్ ముఖ్యం. 1845లో అక్కడ బంగాళదుంప పంటకు తెగులు పట్టి మహా కరువు వచ్చింది. సన్యాసినుల మఠాలు, మత గురువుల భార్యలు పేద స్త్రీలకు క్రోషే లేసు నేర్పి, దాన్ని ధనవంతుల ఇళ్లకు అమ్మించారు. క్లోన్స్ ఊళ్లో 1847లో ఈ పనిని మొదలుపెట్టిన కసాండ్రా హ్యాండ్ ఒక చర్చి గురువు భార్య. అసలైన లేసులు అల్లడానికి నెలలు పట్టేది. క్రోషేతో అదే తీరు వస్తువు చాలా తొందరగా వచ్చేది. పైగా ఐరిష్ పద్ధతిలో పువ్వులు ఒకరు, ఆకులు ఒకరు విడివిడిగా అల్లితే, మరొకరు వాటిని జాలీలో పెట్టి కలిపేవారు. కరువు, మిషనరీ ఇల్లాలు, చిన్న ముక్కలు, వాటిని కలిపే వేరే చేయి, దూరదేశపు కొనుగోలుదారు. ఈ వరసంతా కొద్ది మార్పులతో గోదావరి గట్టున మళ్లీ కనిపిస్తుంది.

డెల్టాకు బట్టల ఎగుమతి కొత్త కాదు. నరసాపురం పక్కనే ఉన్న మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. అక్కడి నుంచి వెళ్లిన నూలు బట్ట ఆ ఊరి పేరుతోనే, మడపొల్లం అని, ఐరోపా బజార్లలో చలామణీ అయింది. తర్వాత మిషన్ల మీద నేసిన లాంకషైర్ బట్ట ఇక్కడి నేతను దెబ్బకొట్టింది. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. గోదావరి సీమ కూడా ఆ దశాబ్దంలో కరువులతో, తుపానులతో కుదేలైంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యే దాకా డెల్టా నేటి పచ్చటి డెల్టా కాదు.

ఆ కష్టకాలంలోనే ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో కలిసి 1836లో ఓడెక్కారు. ముందు మచిలీపట్నం చేరి, ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వారు వేసిన పునాది తర్వాత గోదావరి డెల్టా మిషన్‌గా పేరుపొందింది. వారు వచ్చిన డెవన్ కూడా లేసు సీమే. 1840లో విక్టోరియా రాణి పెళ్లి దుస్తులకు లేసు అల్లింది ఆ ప్రాంతపు స్త్రీలే. దక్షిణాన నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే మిషనరీ ఇల్లాలు 1820ల నాటికే లేసు బడి నడిపింది. చదువు చెప్పే బడిలోనే చేతిపని నేర్పడం, ఆ పని అమ్ముడుపోగా వచ్చిన డబ్బుతో బడి నడపడం, పిల్లలకు ఇంత కూలి ఇవ్వడం అప్పటి మిషన్లన్నిటిలో ఉన్న పద్ధతి.

గోదావరి లేసుకు 1844ను ఆరంభ సంవత్సరంగా చెప్పడం పరిపాటి. స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు మొదట నేర్పారన్నది నరసాపురం వర్తకుల్లో నిలిచిన కథనం. నదికి ఎగువన, భద్రాచలం తాలూకాలోని దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం ఉండేది. 19వ శతాబ్దం చివర అక్కడ పనిచేసిన కెయిన్ దంపతుల కాలంలో మిషన్ లేసు పని బాగా సాగి, దుమ్ముగూడెం లేసు అన్న పేరు విదేశాల్లోని చర్చి అభిమానులకు చేరింది. అంటే ఒకే నది వెంట, ఒకే శతాబ్దంలో, రెండు మూడు మిషన్లు ఈ పనిని నాటాయి. నిలదొక్కుకుని వర్తకంగా ఎదిగింది మాత్రం డెల్టాలోనే. అందుకు కారణాలు వెతకడం కష్టం కాదు. ఆనకట్ట తర్వాత కాలువల మీద పడవల రాకపోకలు పెరిగాయి, నరసాపురానికి రేవు ఉంది, జనసాంద్రత ఎక్కువ, పొలం పని లేని నెలల్లో కూలి కోసం చూసే ఇళ్లకు కొదవ లేదు.

మొదట నేర్చుకున్నది క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలు. ఈ మాట నొక్కి చెప్పవలసిందే. నేటి ప్రదర్శనశాలల్లో అద్దాల వెనక మెరిసే ఈ విద్యకు డెల్టాలో తొలి గురుపీఠం దళిత పేటలోని మిషన్ బడి. ఆ పిల్లలు తల్లులయ్యాక తమ బిడ్డలకు నేర్పారు. ఆ తర్వాత కాపు, అగ్నికులక్షత్రియ కుటుంబాల స్త్రీలకూ పని పాకింది. ముఖ్యంగా ఘోషా పాటించే, పొలం పనికి వెళ్లడం పరువుతక్కువ అనుకునే కాపు ఇళ్లల్లో, గడప దాటకుండా నాలుగు డబ్బులు కళ్లజూసే దారి ఇదొక్కటే అయింది. కులం పేరు చెప్పి కొన్ని పనులను ఇంటి బయటే ఉంచే ఊళ్లల్లో, పేట నుంచి పెద్ద వీధికి వెళ్లిన ఒక విద్య ఇది.

19వ శతాబ్దం చివరి దాకా అమ్మకం మిషన్ చేతుల మీదుగానే సాగింది. మిషనరీల స్నేహితులకు టపాలో పొట్లాలు వెళ్లేవి, డబ్బు తిరిగి వచ్చేది. 1900 ప్రాంతంలో స్థానికులే వర్తకులుగా నిలబడ్డారు. తొలి ఎగుమతి సంస్థలు నరసాపురం, పాలకొల్లు ఊళ్లల్లో వెలిశాయి. 20వ శతాబ్దం తొలినాళ్లకే ఈ ప్రాంతంలో 2,000 మందికి పైగా స్త్రీలు లేసు అల్లేవారని ఈ పరిశ్రమ చరిత్ర రాసినవారు చెబుతారు. 1899 కరువు, 1929 నాటి ప్రపంచ ఆర్థిక మాంద్యం రెండూ ఈ వర్తకాన్ని కుంగదీశాయి గానీ తుడిచిపెట్టలేదు. కొనుగోళ్లు ఆగిన రోజుల్లో సూది పక్కన పెట్టినా పెట్టుబడి పాడయ్యేది లేదు. మగ్గమైతే మూలపడి ఉన్నా చోటు తింటుంది.

నది దాటి కోనసీమలోకి పని రావడానికి దారి చూపింది దారపు ఉండే. నరసాపురం వర్తకుడు దారాన్ని తూచి ఏజెంటుకు ఇస్తాడు. ఏజెంటు రేవు దాటి సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు వైపు ఊళ్లలో ఇంటింటికీ పంచుతాడు. అల్లిన ముక్కలు తిరిగి అదే దారిన వెళ్తాయి. లంక గ్రామాలతో, కొబ్బరి తోటలతో, కాలువలతో నిండిన సీమలో పెద్ద కార్ఖానాలు ఎప్పుడూ తక్కువే. అమలాపురం పక్కన బండారులంక లాంటి నేత ఊరిలో మగ్గం ఇంట్లో సగం చోటు తీసుకుంటుంది, ఇంటిల్లిపాదినీ కూర్చోబెడుతుంది. లేసు పనికి అరుగు చాలు. అది కూడా లేకపోతే గుమ్మం చాలు.

ఈ పనిలో స్త్రీల మధ్యే శ్రమ విభజన ఉంది. చేతిపని చేసేవారు ఒక రకం పువ్వును, లేదా ఒక రకం ముక్కను, అదే కొలతతో పదే పదే అల్లుతారు. అతుకుపని చేసేవారు ఆ ముక్కలన్నిటినీ కలిపి బల్లగుడ్డగానో శాలువాగానో తేల్చి అంచు వేస్తారు. అతుకుపనికి చూపు, లెక్క రెండూ కావాలి. ఒక ఇంటి చేయి బిగుతుగా, మరో ఇంటి చేయి వదులుగా ఉంటుంది. ఒకే నమూనా పువ్వులే అయినా కొలతలో తేడా వస్తుంది. ఆ తేడాను బయటికి కనబడకుండా సర్ది, గుడ్డ మొత్తం చదునుగా పడేలా చేయడం అతుకుపని గొప్పతనం. చివర ఉతికి, తెల్లగా చేసి, నాలుగు వైపులా లాగి, గంజి పెట్టి ఇస్త్రీ చేసే పని వ్యాపారి దగ్గర జరుగుతుంది.

ఒక శాలువాలో ఎంత పని ఉందో లెక్క వేసి చూడవచ్చు. ఒక్కో పువ్వు 8 సెంటీమీటర్ల చదరం అనుకుంటే, దాదాపు మీటరు చదరపు శాలువాకు వరసకు 12 చొప్పున 12 వరసలు, మొత్తం 144 పువ్వులు కావాలి. ఒక్కో పువ్వుకు అరగంట పట్టినా అల్లకానికే 72 గంటలు. పక్కపక్క పువ్వులను 264 అంచుల వెంట కలపాలి. ప్రతి పువ్వుకూ మొదలూ చివరా రెండు దారపు కొసలుంటాయి గనుక 288 కొసలను కుట్ల మధ్యకు దూర్చి దాచాలి. ఆ తర్వాత చుట్టూ అంచు. ఇంటి పనుల నడుమ రోజుకు రెండు గంటలు దొరికే ఇల్లాలికి పువ్వులకే 36 రోజులు కావాలి.

దారం సాధారణంగా మెరుపు నూలు. నూలుదారాన్ని క్షారంలో ముంచితే బలం పెరుగుతుందని ఇంగ్లండ్‌లో జాన్ మెర్సర్ 1844లో కనిపెట్టాడు. ముంచేటప్పుడు దారాన్ని బిగువుగా లాగి పట్టుకుంటే పట్టు లాంటి మెరుపు వస్తుందని 1890లో హోరస్ లోవ్ చూపించాడు. లేసుకు ఆ మెరుపు ప్రాణం. దారానికి నంబర్లుంటాయి: 10, 20, 40, 60 అంటూ నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. సన్నదారానికి సూది వంపు మిల్లీమీటరు కన్నా తక్కువ ఉంటుంది. సాయంత్రం దీపం వెలుగులో ఆ పని చేసినవారి కళ్లు త్వరగా అలసిపోతాయి. లేసు పని చేసి చూపు తగ్గిన పెద్దవాళ్లు డెల్టా ఊళ్లలో అరుదు కారు.

శాలువా విషయంలో ఊలుకూ నూలుకూ తేడా ఉంది. ఊలు సాగుతుంది, తడిపి లాగి ఆరబెడితే ఆ ఆకారంలో నిలుస్తుంది, వెచ్చగా ఉంటుంది. షెట్లాండ్ శాలువా రహస్యమంతా ఆ గుణంలోనే ఉంది. నూలు సాగదు, బరువెక్కువ. కానీ గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది, ఎన్నిసార్లు ఉతికినా నిలుస్తుంది. పుష్యమాసపు మంచు తప్ప చలి అన్నది పెద్దగా తెలియని కోనసీమలో లేసు శాలువా అవసరం కోసం పుట్టిన వస్త్రం కాదు. బయటి బజారు అడిగితే అల్లిన వస్త్రం. అందుకే అది డెల్టా పెట్టెల్లో కన్నా దూరదేశాల భుజాల మీదే ఎక్కువ కనిపించింది.

అల్లికలో వాడే కుట్లు ఎక్కువ రకాలు కావు. గొలుసు కుట్టు అన్నిటికీ తొలిమెట్టు. దాని మీద పొట్టి కుట్టు, పొడుగు కుట్టు, ఇంకా పొడుగు కుట్టు. సూదికి దారం ఎన్నిసార్లు చుడితే కుట్టు అంత ఎత్తు. ఈ నాలుగింటితోనే గుండ్రటి పువ్వు, గళ్ల జాలీ, విసనకర్ర, అనాసపండు నమూనాలన్నీ వస్తాయి. చదువు రాని స్త్రీలు కూడా పాత ముక్కను చూసి కుట్లు లెక్కపెట్టి కొత్తది దించేయగలరు. నమూనా కాగితం మీద కన్నా చేతి వేళ్లల్లో ఎక్కువ కాలం బతికింది.

అయితే ఇన్ని గంటల పనిని చాలాకాలం ఎవరూ పనిగా లెక్కించలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1978-79లో నరసాపురం పరిసరాల్లో లేసు అల్లే స్త్రీల మధ్య పరిశోధన చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ అధ్యయనం 1982లో లండన్‌లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అన్న పుస్తకంగా వచ్చింది. ఇంటి చాకిరీ అంతా చేస్తూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీకి రూపాయి కూడా గిట్టడం లేదని, వ్యవసాయ కూలి స్త్రీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది చిన్న భాగమేనని ఆమె లెక్కతో చూపింది. ఏజెంట్లుగా, ఎగుమతిదారులుగా పైకి వచ్చినవారిలో మగవాళ్లే ఎక్కువని కూడా గమనించింది.

మీస్ చెప్పిన అసలు కారణం ఇంకా లోతైనది. లేసు అల్లే స్త్రీని వ్యాపారీ, ఇంటివారూ, చివరికి ఆమె కూడా కార్మికురాలిగా చూడలేదు. ఇంట్లో ఊరికే కూర్చున్న ఇల్లాలు తీరిక వేళ చేసుకునే పని అని అందరూ ఒప్పుకున్నారు. తీరికకు కూలి ఎందుకు అన్న తర్కం ధరను కిందికి తొక్కింది. ఒకరి ఇల్లు ఒకరికి పట్టని చోట, పని అంతా విడి విడి గడపల వెనక జరిగే చోట, కలిసి రేటు అడిగే అవకాశం కూడా రాలేదు. నరసాపురంలో గమనించిన ఈ సంగతి తర్వాత ప్రపంచమంతటా స్త్రీల శ్రమ గురించిన చర్చల్లో ఉదాహరణగా నిలిచింది. 2023లో మీస్ మరణించినప్పుడు రాసిన నివాళుల్లో కూడా నరసాపురం ప్రస్తావన వచ్చింది.

మరోవైపు, అదే అల్లిక మనసుకు విశ్రాంతి ఇస్తుందన్నది కూడా కొట్టిపారేయవలసిన మాట కాదు. చేతుల కదలిక ఒకే లయలో సాగుతుంది, లెక్క మనసును ఒకచోట నిలుపుతుంది, ఫలితం కళ్లముందే పెరుగుతుంది. 2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీలో వచ్చిన ఒక సర్వేకు ప్రపంచం నలుమూలల నుంచి 3,545 మంది ఊలు అల్లేవారు జవాబిచ్చారు. ఎంత తరచుగా అల్లితే అంత ప్రశాంతంగా, సంతోషంగా ఉంటున్నామని వారు చెప్పారు. ఒక శాలువాను నెలల తరబడి సంచిలో ఉంచుకుని, రైల్లో కొంత, రాత్రి భోజనం తర్వాత కొంత అల్లే అలవాటు ఈ శతాబ్దంలో పడమటి దేశాల్లో మళ్లీ బలపడింది. సగంలో ఉన్న పనే వారికి ఊరట.

డెల్టా స్త్రీలు ఆ ఊరటను ఎరగరని అనడం వారికి అన్యాయం. మధ్యాహ్నం పూట నలుగురు అరుగు మీద చేరి, ఎదురింటి పెళ్లిచూపుల ముచ్చట నుంచి కొబ్బరి ధర దాకా మాట్లాడుకుంటూ, చూపు దించకుండానే కుట్లు వేసుకుపోవడం కోనసీమ ఊళ్లలో తరాల తరబడి ఉన్న దృశ్యం. అత్త కోడలికి, అక్క చెల్లికి ఆ అరుగు మీదే నేర్పింది. కొత్త పువ్వు పోలిక తెలిస్తే పక్కింటికి పంచుకున్నారు. తేడా ఎక్కడంటే, పడమటి ఇల్లాలు ఎప్పుడు ముగించాలో తానే నిర్ణయించుకుంటుంది; ఇక్కడి ఇల్లాలికి ఏజెంటు వచ్చే రోజు ముందే తెలుసు. ఆమె చేతిలో సగంలో ఉన్నది శాలువా కూడా కాదు, ఎవరో అతికితే శాలువా అయ్యే పువ్వుల మూట. పూర్తయిన శాలువాను ఆమె చూడకపోవచ్చు కూడా.

1980ల నుంచి పరిస్థితి రెండు వైపులా మారింది. 1982లో మొదలైన డ్వాక్రా పథకం, ఆ తర్వాత వచ్చిన స్వయం సహాయక సంఘాలు స్త్రీలను ఒకచోట చేర్చాయి. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు వాణిజ్య కేంద్రం ఏర్పడింది. అలంకృతి పేరుతో లేసు స్త్రీల సహకార సంఘాల సమాఖ్య నమూనాలు నేర్పడం, ఆర్డర్లు తేవడం చేపట్టింది. ముక్కకింత అని కాక పూర్తి వస్తువుకు ధర అడగడం, అతుకుపని కూడా సొంతంగా నేర్చుకోవడం ఇక్కడే కొందరికి అలవడింది.

రెండో వైపు పోటీ. క్రోషే కుట్టును కుట్టుగా వేసే యంత్రం వాణిజ్యంలో నేటికీ లేదు. ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ 1809లో పేటెంటు తీసుకున్న యంత్రం జాలీని నేసింది, దాని వెంట వచ్చిన యంత్రాలు లేసు పువ్వులను నేశాయి. అవేవీ ఈ ఉచ్చులో ఉచ్చు పద్ధతిని అనుకరించలేవు. యంత్రాలు చేసేది దూరం నుంచి క్రోషేలా కనిపించే వేరే అల్లిక. కానీ బల్ల మీద పరిచాక ఆ తేడా కొనేవాడి కంటికి ఆనదు. చైనా నుంచి వచ్చిన చవక యంత్రపు లేసు విదేశీ బజారులో గోదావరి లేసు వాటాను కొరికేసింది. విప్పి చూడటమే అసలు పరీక్ష: చేతి క్రోషే పువ్వు కొసను విడదీసి లాగితే ఒకే దారం మొదటి గొలుసు దాకా ఊడివస్తుంది, యంత్రపు లేసు అలా ఊడదు.

ఇంట్లోనూ లెక్కలు మారాయి. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి వేలాది స్త్రీలు కువైట్, దుబాయి, మస్కట్ ఇళ్లల్లో పనికి వెళ్లారు. రొయ్యల చెరువులు, వాటి చుట్టూ పుట్టిన పనులు, ఉపాధి హామీ కూలి లేసు కన్నా ఎక్కువ ఇచ్చాయి. చదువుకున్న ఆడపిల్ల సూది పట్టడానికి ఇష్టపడకపోతే తప్పుపట్టడానికి లేదు; ఆమె తల్లి చూపును, తల్లి కూలిని ఆమె చూసింది. ఈ విద్య నిలవాలని కోరుకునేవారు ముందు ఒప్పుకోవలసింది గంటకు ఇచ్చే ధర సంగతి. డెబ్భై రెండు గంటల పువ్వులను, వాటి మీద అతుకుపనిని, అంచును లెక్కలోకి తీసుకుని వెల కట్టిన శాలువా ఖరీదైనదే అవుతుంది, కావాలి కూడా.

డెల్టా ఉత్పత్తులకు చట్టపరమైన గుర్తింపు ఈ దశాబ్దంలో వరసగా వచ్చింది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం క్రోషే లేసు ఉత్పత్తులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999లో చేసిన భౌగోళిక సూచికల చట్టం కింద, చెన్నైలోని రిజిస్ట్రీలో నమోదైన ఈ గుర్తింపు ప్రకారం ఆ పేరుతో అమ్మే లేసు ఈ ప్రాంతంలో చేతితో అల్లినదై ఉండాలి. యంత్రపు సరుకుకు ఆ పేరు తగిలించి అమ్మితే నేరం. నమోదు సమయంలో ఈ పని మీద ఆధారపడ్డవారు 15,000 మందికి పైగా స్త్రీలని లెక్క చెప్పారు. అందులో వశిష్ఠకు పడమటి వైపు ఊళ్లతో పాటు రాజోలు, అమలాపురం ప్రాంతాల పేర్లూ వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయి, నరసాపురం పశ్చిమ గోదావరిలో ఉండిపోయినా, లేసు విషయంలో రెండు గట్లూ ఒకే సీమ.

గుర్తింపు చెల్లేది పదేళ్లు. గడువు తీరాక మళ్లీ పొడిగించుకోవచ్చు. అలంకృతి సమాఖ్య పేరున నమోదైనంత మాత్రాన అల్లే ప్రతి స్త్రీకీ ఆ హక్కు తనంతట రాదు. ఆమె తన పేరున అధీకృత వినియోగదారుగా విడిగా దరఖాస్తు చేసుకోవాలి. అప్పుడు తాను అల్లి, తానే అతికిన శాలువాకు ఆ గుర్తును వేసి, ఏజెంటు ప్రమేయం లేకుండా అమ్ముకునే హక్కు ఆమెకు ఉంటుంది.